పోర్ట్ క్రేగీ పర్యాటకురాలికి మంగఫ్‌లో సన్మానం

స్కాట్లాండులో సముద్రం ఒడ్డున పోర్ట్ క్రేగీ అనే చిన్న ఊరు ఒకటుంది. ఆ ఊళ్లో చూడదగినవి ఏమిటి, చేయదగినవి ఏమిటి అన్న విషయం మీద కువైట్ మొత్తమ్మీద సాధికారికంగా మాట్లాడగల తెలుగువాడు ఒక్కడే ఉన్నాడు. అతని పేరు మద్దిలేటి. సొంతూరు రాయచోటి పక్కన. ఉండేది మంగఫ్‌లో, కంపెనీ వాళ్ల లేబర్ బిల్డింగులో. చేసేది పైపుల యార్డులో పని. స్కాట్లాండు మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు.

వెళ్లింది అతని భార్య రెడ్డెమ్మ. ఆమె మిష్రిఫ్‌లో ఒక కువైటీల విల్లాలో ఇంటిపని చేస్తుంది. ఎండలు ముదరగానే ఇక్కడి కలిగిన కుటుంబాలు చల్లటి దేశాలకు తరలిపోవడం, పోతూ పోతూ పెట్టెలతో పాటు పనిమనిషిని కూడా సర్దుకోవడం ఆనవాయితీ. ఆ ప్రకారం ఈ ఏడు ఇంటి యజమానురాలు రెడ్డెమ్మను వెంటబెట్టుకొని పోయింది. ఆ యజమానురాలిని పనివాళ్లందరూ ‘మామా’ అని పిలుస్తారు, రెడ్డెమ్మా అలాగే పిలుస్తుంది. పోర్ట్ క్రేగీలో సముద్రానికి ఎదురుగా వాళ్లొక ఇల్లు అద్దెకు తీసుకొని వేసవంతా అక్కడే గడిపారు.

భార్య వెళ్లొస్తే భర్త ఎలా నిపుణుడయ్యాడని కొందరికి సందేహం రావచ్చు. భార్య సర్పంచిగా గెలిస్తే భర్త కుర్చీలో కూర్చొని సంతకాలు పెట్టే జిల్లాల నుంచి వచ్చినవాళ్లం, మనకు ఈ సందేహం రాకూడదు.

రెడ్డెమ్మ పని తెమిలినప్పుడల్లా భర్తకు వాయిస్ మెసేజీలు పంపేది. మద్దిలేటి వాటిని బాత్రూమ్‌లోకి పోయి చెవికి ఆనించుకొని వినేవాడు. బయటికి వచ్చి రూములో వాళ్లకు వాటి అధికారిక అనువాదం విడుదల చేసేవాడు.

“ఈడ ఎండాకాలమని చెప్తాండారు గానీ, నేను స్వెట్టరేసుకోని గిన్నెలు కడగతాండా. పొద్దస్తమానం వానే. బట్టలు ఆరిచస్తే గదా!” అని రెడ్డెమ్మ అంటే, పోర్ట్ క్రేగీలో ఊరు ఊరంతా ఏసీ అనీ, దానికి కరెంటు అవసరం లేదనీ మద్దిలేటి ప్రకటించేవాడు.

“తెల్ల పక్షులుండాయి, కొంగలంత ఉంటాయి. చిన్నోని చేతిలో ఆలుగడ్డల చిప్స్ గుంజకపోయినాయి. వాడు ఏడ్చినాడని మామా నన్ను తిట్టింది,” అంటే, అది ‘అక్కడ పక్షులకు స్వయంగా చేత్తో ఆహారం తినిపించే సదుపాయం కలదు’ అయ్యేది.

“ఒగ పాడుబడిన కోట ఉండాది. కప్పు ల్యా, తలుపుల్యా. దానికి టికెట్టంట! వాళ్లంతా లోపలికి పోయినారు, నేను బయట బ్యాగుల కాడ కూచున్న్యా,” అన్నప్పుడు మద్దిలేటి కాసేపు ఆలోచనలో పడ్డాడు. కప్పు లేని కోటలు తమ సీమలో గొర్లు పడుకునేవి కావలసినన్ని ఉన్నాయి. అయితే వాటికి టికెట్టు లేదు, కాబట్టి అవి చూడదగినవి కావు. టికెట్టు ఉన్నది కాబట్టి ఇది చూడదగినదే అని తేల్చి, కోట వైభవాన్ని భోజనాల వేళ వర్ణించాడు. వినేవాళ్లు ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయారు.

అలాగే సీల్ అనే నీటి జంతువులు. మామా వాళ్లు పడవెక్కి పోయి, రాళ్ల మీద దున్నపోతు దూడల్లా పొర్లుతున్న వాటిని చూసివచ్చారు. రెడ్డెమ్మ గట్టున వాళ్ల చెప్పులకు కాపలా ఉంది. దీపస్తంభం పైకి ఎక్కి వాళ్లు సముద్రాన్ని చూశారు. రెడ్డెమ్మ కింద బ్యాగుల్ని చూసింది. మద్దిలేటి కథనంలో మాత్రం ఆమె సీల్‌ను నిమిరింది. దీపస్తంభం పైన నిలబడి ఇండియా వైపు చెయ్యి ఊపింది.

“ఓ మద్దిలేటన్నా, గంత ఎత్తుకెల్లి జూస్తే మన కువైట్ గిట్ల కనవడ్డదా?” అని అడిగాడు హన్మాండ్లు. అతనిది జగిత్యాల, మద్దిలేటి పక్క మంచం. ఏది చెప్పినా నమ్మినట్టే వింటాడు, నమ్మాడో లేదో ఎవరికీ తెలియదు.

“మబ్బు పట్టిండె అంటలే,” అన్నాడు మద్దిలేటి.

ఒక్క మెసేజీ మాత్రం అనువాదానికి నోచుకోలేదు. అది ఒక బెంచీ గురించి.

“ఈడ సముద్రం ఎదురుగా బెంచీలుండాయి. ఒగో బెంచీకి చచ్చిపోయిన ఒగో మనిషి పేరు. నేను బ్యాగులు పెట్టుకోని కూచున్న బెంచీ కాడికి ఒగ ముసలామె వచ్చింది. అది వాళ్లాయన పేరు మింద ఏసిన బెంచీ అంట. ఆయప్ప బతికుండంగా దినామూ ఈడికొచ్చి ఊరికే సముద్రం జూస్తా కూచునేటోడంట. అందుకని ఎవురైనా కూచోండని ఏపించిందంట. ఫ్లాస్కులో టీ తెచ్చుకునింది, నాకూ పోసిచ్చింది. మనకు టీ పోసిచ్చేటోళ్లు యాడుండారు, నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. కువైట్ అని చెప్తే, ఆడ సముద్రం ఎట్లుంటాదని అడిగింది. బాగుంటాదని చెప్పినా. నేను జూసింటే గదా! ఇన్నేండ్లాయ, ఇంతవరకూ సముద్రం మొగం జూళ్యా. ఇదో, ఇంటాండావా? నేనొచ్చినాక ఒగసారి మనిద్దరమూ సముద్రం కాడికి పోయి కూచుందామా? ఏం పనీ ల్యాకుండా. ఊరికే.”

మద్దిలేటి ఈ మెసేజీని రెండుసార్లు విన్నాడు. “సరే మేయ్, దేవునితోడు పోదాం,” అని జవాబు పెట్టాడు. బయటికి వచ్చాక మాత్రం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చచ్చినవాళ్ల బెంచీల మీద ఊరికే కూర్చోవడం కూడా చూడదగిన వాటిలో ఉందని తెలిస్తే ఊరి పరువు పోతుంది. మన గుళ్లలో ట్యూబ్‌లైటు ఇచ్చిన దాత కూడా వెలుతురు బయటికి రాకుండా తన పేరు రాయించుకుంటాడు. అట్లాంటిది, ఎవరో దారిన పోయేవాళ్లు కూర్చోవడానికి పేరు రాయించుకోవడమేమిటని మద్దిలేటికి అర్థం కాలేదు.

సముద్రం ముఖం చూడనిది రెడ్డెమ్మ ఒక్కతే కాదు. మంగఫ్ ఊరే సముద్రం ఒడ్డున ఉంది. కంపెనీ బస్సులో ఎడమవైపు కూర్చుంటే పోయేటప్పుడు సముద్రం కనిపిస్తుందని పాతవాళ్లు చెబుతారు. కానీ ఎడమవైపు కూర్చున్నవాళ్లు నిద్రపోతారు. కుడివైపు కూర్చున్నవాళ్లు కూడా నిద్రపోతారు గానీ, వాళ్లకు ఆ నష్టం లేదు.

మద్దిలేటి కీర్తి బిల్డింగు దాటి, బస్సు దాటి, చివరికి ‘మంగఫ్ తెలుగు ప్రవాసుల సాంస్కృతిక, పర్యాటక, పరామర్శ సమితి’ అధ్యక్షులు భీమేశ్వరరావుగారి చెవిన పడింది. ఆయన ఒక కంపెనీలో లెక్కలు చూస్తారు, సూటు వేసుకుంటారు. సమితిలో సభ్యుల కంటే ఉపాధ్యక్షులు ఎక్కువ. అయినా పర్యాటక విభాగపు ఉపాధ్యక్ష పదవి అర్హుడు దొరక్క ఖాళీగా ఉంది. ఎందుకంటే సమితిలో ఎవరూ ఎక్కడికీ పోలేదు. కువైట్ వచ్చారు, అంతే.

ఆయన మద్దిలేటిని పిలిపించుకొని, రెడ్డెమ్మ తిరిగి రాగానే ఆమెకు ఘన సన్మానమనీ, అదే వేదిక మీద మద్దిలేటికి పదవీ స్వీకారమనీ సెలవిచ్చారు. “కాకపోతే ఆవిడ నాలుగు మాటలు మాట్లాడాలండి. చూడదగినవి, చేయదగినవి. సభ్యులు విని ఆనందించాలి. ఆనందిస్తేనే పదవి,” అన్నారు. యార్డులో పేరుకు బదులు నెంబరుతో పిలిపించుకునే మద్దిలేటికి, ‘ఉపాధ్యక్షుల వారూ’ అన్న పిలుపు ఆ రాత్రి చెవుల్లో మోగుతూనే ఉంది.

తేదీ దగ్గరే చిక్కు వచ్చింది. రెడ్డెమ్మకు సెలవు నెలకొక్క శుక్రవారం సాయంత్రం. స్కాట్లాండు పుణ్యమా అని వేసవంతా అదీ లేదు. వాళ్లు తిరిగి వచ్చాక మొదటి సెలవు ఈ శుక్రవారమే. సముద్రం కాడికి పోయి కూచుందామని అతను మాట ఇచ్చింది కూడా ఈ శుక్రవారానికే. మద్దిలేటి బాగా ఆలోచించి, సముద్రం ఎక్కడికీ పోదనీ, పదవి మాత్రం పోగలదనీ నిర్ణయానికి వచ్చాడు. ఆ నిర్ణయం భార్యకు తెలియజేయడం మరిచిపోయాడు.

సన్మానానికి ఫ్లెక్సీ కావాలి. ఫ్లెక్సీకి ఫొటో కావాలి. వేసవంతా స్కాట్లాండులో ఉన్న రెడ్డెమ్మకు స్కాట్లాండులో తీసిన ఫొటో ఒక్కటీ లేదు, ఎందుకంటే అందరి ఫొటోలూ తీసింది ఆమే. వెతగ్గా వెతగ్గా ఒక ఫొటోలో, నీళ్లలోంచి వస్తున్న పిల్లవాడి కోసం తువ్వాలు చాపి పట్టుకున్న ఆమె రెండు చేతులు దొరికాయి. ఫ్లెక్సీలు వేసే మాబు వాటిని పరిశీలనగా చూసి, “చేతులకు దండ ఎట్ల ఏస్తాం అన్నా?” అన్నాడు. కాబట్టి కువైట్‌లో ఉండనిచ్చే ఇఖామా కార్డు మీది ఫొటో తీసుకున్నారు. ఎవరో ఇప్పుడే గద్దించినట్టుండే ఆ ముఖాన్ని ఒక కోట ముందు నిలబెట్టి, వెనక మంచుకొండలు పెట్టారు. పోర్ట్ క్రేగీలో మంచుకొండలు లేవు. మంచుకొండలు లేని విదేశాన్ని మనవాళ్లు విదేశంగా ఒప్పుకోరని మాబుకు అనుభవం. కింద ‘విశ్వపర్యాటకురాలు శ్రీమతి రెడ్డెమ్మ’ అనీ, ఆ కింద పొట్టేలంత అక్షరాలతో భీమేశ్వరరావుగారి పేరూ వచ్చాయి.

శుక్రవారం సాయంత్రం విల్లా డ్రైవరు రెడ్డెమ్మను మంగఫ్‌లో దించాడు. రాత్రి వంట వేళకు మళ్లీ వచ్చి తీసుకుపోతాడు. ఆమె ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకొని, ఒక చేతిలో మురుకుల పొట్లం, ఇంకో చేతిలో కొత్త ఫ్లాస్కు పట్టుకొని దిగింది. మొగుడి ముఖం చూసి, సిగ్గుపడినట్టు నవ్వింది. ఆ నవ్వు చూశాక, సన్మానం సంగతి చెప్పలేదని మద్దిలేటికి గుర్తొచ్చింది.

“టీ తెచ్చినా. యాలకులేసినా. ఎట్ల పోవాల సముద్రానికి? నడిసి పోదామా?” అంది.

“పోదాం మేయ్, పోదాం. ఒగ పది నిమిషాలు. ఈడ చిన్న కార్యక్రమం ఉండాది,” అంటూ మద్దిలేటి ఆమెను మెస్సు పై అంతస్తుకు ఎక్కించాడు. మెట్ల మీదే ఏమేం చెప్పాలో గడగడా చెప్పేశాడు: సీల్‌ను నిమిరినావు, దీపం మీది నుంచి చెయ్యి ఊపినావు, పక్షులకు తినిపించినావు. రెడ్డెమ్మ ఏమీ అర్థంకాక ఫ్లాస్కును గుండెకు అదుముకుంది. తలుపు తీయగానే చప్పట్లు, ఎదురుగా తలుపంత తన ముఖం.

భీమేశ్వరరావుగారి అధ్యక్షోపన్యాసం మొదలైంది. తెలుగుజాతి ప్రపంచపటం మీద వేసిన ముద్రలతో ఆరంభించి, వాస్కోడిగామా మీదుగా పోర్ట్ క్రేగీ చేరారు. “ఆయన మన తీరానికి వచ్చాడండి! మన రెడ్డెమ్మగారు వాళ్ల తీరానికి వెళ్లారండి! బాకీ తీరిపోయింది!” అనగానే హాలు దద్దరిల్లింది. అక్కడ ఆయన గొంతు ఆరింది. మద్దిలేటి చప్పున లేచి భార్య ఒళ్లోని ఫ్లాస్కు తీసుకొని ఆయనకు టీ పోశాడు. అధ్యక్షులకు పోశాక ఉపాధ్యక్షులకు పోయకపోతే బాగుండదు. ఉపాధ్యక్షులు చాలామంది. యాలకుల టీ బ్రహ్మాండంగా ఉందని వేదిక ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. మురుకుల పొట్లం ఎవరు విప్పారో తెలియదు.

ఖాళీ ఫ్లాస్కు చేత్తో పట్టుకొని, భుజాన శాలువాతో రెడ్డెమ్మ మైకు ముందు నిలబడింది. కిటికీలోంచి పొద్దు వాలడం కనిపిస్తోంది. మద్దిలేటి పెదవులు కదిలిస్తూ ‘సీల్, సీల్’ అని అందిస్తున్నాడు.

“నాకు మాట్లాడేది రాదన్నా,” అంది రెడ్డెమ్మ. “ఆ ఊర్లో చూసేటియి శానా ఉండాయంట. వాళ్లు జూసినారు. నేను బ్యాగులు జూసినా. నల్లబ్యాగు మామాది, దాంట్లో మందులుండాయి. నీలందాంట్లో పిల్లోళ్ల బట్టలు. ఒగ బ్యాగుకు జిప్పు పోయింటే పిన్నీసు పెట్టినా.”

భీమేశ్వరరావుగారు మద్దిలేటి వైపు చూశారు. పదవి తలుపు దాకా వచ్చి, చెప్పులు తొడుక్కుంటున్నట్టు మద్దిలేటికి కళ్లకు కట్టింది.

“చేసే పనంటే...” రెడ్డెమ్మ జారుతున్న శాలువాను పైకి లాక్కుంది. “ఆడ మనుషులు చేసే పని ఒగటే. కూచుంటారు. మొగుడూ పెండ్లాలు వచ్చి బెంచీ మింద కూచోని సముద్రం జూస్తాంటారు. ఏం మాట్లాడుకోరు. ఒగరికొగరు టీ పోసుకుంటారు. వానొచ్చినా లేయరు. నాకు అదే బాగుండె. మామూలు సముద్రమే. కానీ జూస్తాంటే, మనకూ ఒగ ప్రాణముండాదని తెలుస్తాది.” “నేను ఈయన్ని అదే అడిగినా. ఈ పొద్దు పోదామన్న్యాడు. మీలో ఎవురికన్నా తెలుసునా అన్నా, ఈ మంగఫ్‌లో సముద్రం ఎట్ల పోవాలనో?”

సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పోర్ట్ క్రేగీలో కోట నుంచి దీపస్తంభానికి ఎలా పోవాలో వాళ్లకు కొట్టిన పిండి. మంగఫ్‌లో సముద్రానికి దారి ఎవరికీ తెలియదు. ఒకరు టాక్సీ మాట్లాడాలన్నారు. ఇంకొకరు పర్మిషన్ కావాలేమో అన్నారు. చివరికి హన్మాండ్లు ఫోన్లో మ్యాపు తీసి చూశాడు.

“ఏందే, గీ మెస్సు ఎన్కనే ఉన్నదిగదనే!” అన్నాడు.

మద్దిలేటి తల దించుకున్నాడు. అయితే నాయకుడైనవాడు ఇలాంటప్పుడే బయటపడతాడు. భీమేశ్వరరావుగారు మైకు అందుకున్నారు. “సభ్యులారా! విశ్వపర్యాటకురాలి ప్రసంగంతో ఉత్తేజం పొంది, మన సమితి ఆధ్వర్యంలో తొట్టతొలి సముద్ర సందర్శన కార్యక్రమాన్ని ఈ క్షణమే ప్రకటిస్తున్నాను! నూతన ఉపాధ్యక్షులు మద్దిలేటిగారు దీనికి సారథ్యం వహిస్తారు. యల్లా, పదండి!”

మద్దిలేటికి పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. పదవీ దక్కింది, సముద్రమూ దక్కింది. ఇచ్చిన మాటా నిలబడింది. “జూసినావా మేయ్!” అన్నాడు భార్యతో గర్వంగా. రెడ్డెమ్మ ముఖం విచ్చుకుంది. అందరూ మెట్లు దిగారు. ఆమె అందరికంటే ముందు నడిచింది.

నిజంగానే వెనకే ఉంది. రోడ్డు దాటితే ఇసుక, ఇసుక దాటితే నీళ్లు. వాలిన పొద్దు వెలుగులో సముద్రం తళతళలాడుతోంది. జనం నోరెళ్లబెట్టారు. కొందరు “అబ్బా!” అన్నారు. ఇక రెడ్డెమ్మ ఇసుకలో చతికిలబడి, పక్కన మొగుడికి చోటు చూపించేలోగా, ఫ్లెక్సీ లేకుండా కార్యక్రమం ఎలా జరుగుతుందని అధ్యక్షులవారికి గుర్తొచ్చింది. ఇద్దరు ఉపాధ్యక్షులు పరుగున వెళ్లి ఫ్లెక్సీ తెచ్చారు. ఫొటోలో సముద్రమూ పడాలి, ఫ్లెక్సీ కూడా పడాలి. రెండు గుంజలు పాతి, సముద్రానికి అడ్డంగా కట్టారు. రెడ్డెమ్మకు ఎదురుగా ఇప్పుడు తన ముఖమూ, కోటా, మంచుకొండలూ ఉన్నాయి. సముద్రం వాటి అవతల ఉంది, చప్పుడు వినిపిస్తోంది.

ఫ్లెక్సీ ముందు ఫొటోలు అయ్యాక, నీళ్లలో దిగి తీసుకోవాలన్నారు. దిగాలంటే చెప్పులు విడవాలి, ఫోన్లు, పర్సులు, ఇఖామా కార్డులు తడవకుండా ఎక్కడో పెట్టాలి. అందరూ ఒక్కసారిగా చుట్టూ చూశారు. అందరికీ ఒక్కసారే తట్టింది.

“అక్కా, కాస్త చూస్తుండు. నీకు అలవాటే గదా.”

మొదట భీమేశ్వరరావుగారి కోటు వచ్చింది. తర్వాత హన్మాండ్లు చెప్పులు, మాబు సంచీ, ఉపాధ్యక్షుల బ్యాగులు, బ్యాగుల మీద బ్యాగులు. అన్నిటికంటే చివర మద్దిలేటి వచ్చి, చెప్పులు విడిచి, జేబులోవి తీసి ఇచ్చాడు. భార్య కళ్లలోకి చూడలేక ఆమె భుజం మీది శాలువా సర్దాడు. పాపం, అతనికీ మనసు పీకింది. కానీ నీళ్లలోంచి పిలుస్తున్నారు, ‘ఉపాధ్యక్షుల వారూ’ అని.

“ఒగ రెండు నిమిషాలు మేయ్. ఫొటో దిగి వచ్చేస్తా,” అని పరుగు తీశాడు.

ఫొటోలు సముద్రానికి వీపు పెట్టి దిగారు. మళ్లీ మళ్లీ దిగారు. మద్దిలేటి తిరిగి వచ్చేసరికి రోడ్డు మీద విల్లా కారు హారన్ కొడుతోంది. రెడ్డెమ్మ లేచి ఇసుక దులుపుకుంది. ఎవరి బ్యాగు ఏదో, ఎవరి చెప్పులు ఏవో వేలు పెట్టి చూపించి అప్పజెప్పింది. ఒక్కటీ తారుమారు కాలేదు.

“కోపమా మేయ్?” అన్నాడు మద్దిలేటి, తడిసిన ప్యాంటు పైకి లాక్కుంటూ.

“కోపమేముండాది,” అంది రెడ్డెమ్మ, ఖాళీ ఫ్లాస్కు చంకలో పెట్టుకొని. “కానీ ఆ ఊరే నయం. ఆడ బ్యాగుల కాడ నుంచి సముద్రం కనపడేది.”

కారు వెళ్లిపోయింది. ఆ రాత్రి మంగఫ్‌లో అందరి వాట్సాప్ స్టేటస్సుల్లోనూ సముద్రమే. రాయచోటికీ, జగిత్యాలకూ అది స్కాట్లాండుగా చేరింది. నూతన ఉపాధ్యక్షుడు మద్దిలేటి, తన విభాగం తరఫున, ప్రజల సౌకర్యార్థం ఈ కింది ప్రకటన విడుదల చేశాడు:

“మంగఫ్‌లో చూడదగినది సముద్రం. చేయదగినది ఫొటో దిగడం. సామాన్లు పెట్టుకోవడానికి అక్కడ ఏర్పాట్లేమీ లేవు. ఎవరింటి నుంచి వారు ఒక మనిషిని వెంట తెచ్చుకోగలరు.”

ఆ మనిషి ఎవరో ప్రకటనలో రాయలేదు. ఇన్నాళ్లూ ఏ ఇంట్లోనూ ఆ ప్రశ్న రాలేదు, మీ ఇంట్లో కూడా రాదు.